మా నాయనకు బజారు పెట్టిన పేర్లు

మా నాయనకు అరుళ్ళు మరుళ్ళు పట్టాయన్న సంగతి ఈ భూమ్మీద అందరికంటే చివర తెలిసింది నాకు. అదీ గుత్తి బజారులో, టీ అంగడి ముందర. పక్కన గ్లాసు ఊదుకుంటున్న మనిషి, నేను పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చూడని మనిషి, ఏదో పల్లె నుంచి మందుల కోసం వచ్చినవాడు, నా మొహం తేరిపార చూసి, "నువ్వు ఆ తాళ్ళ సెట్టి కొడుకువి కదప్పా? మీ నాయనకు అరుళ్ళు మరుళ్ళంట కదా, పాపం" అన్నాడు.

అంటే ఆ మాట మా అంగడి గడప దిగి, రైలెక్కి, రాప్తాడు దగ్గర హైవే మీద లారీలాపి, వజ్రకరూరు చేలల్లో తొలకరికి వజ్రాలు వెతికేవాళ్ళ దాకా వెళ్ళి, వాళ్ళు నేల మీది చూపు తిప్పకుండానే ఒకరికొకరు చెప్పుకున్నాక, అప్పుడు తీరిగ్గా నా దగ్గరికొచ్చిందన్నమాట. "అరుళ్ళు మరుళ్ళు" అన్నందుకు కాదు, చివర తగిలించిన ఆ "పాపం"కు నాకు వచ్చిన కోపానికి చేతిలో చల్లారిన టీ మళ్ళీ మరిగింది.

నేను అంగట్లో సగం, రాతల్లో సగం బతికేవాణ్ణి. నవ్వించే రాతలు రాస్తానని నాకు నేనే పేరు పెట్టుకున్నాను. కాబట్టి కోపం వస్తే కొట్టలేను, మాటలు ఏరుకుంటాను. ఆ రోజు నుంచి ఏరడం మొదలుపెట్టాను. ముసలితనానికీ మతి తగ్గడానికీ మా వైపు ఉన్నన్ని మాటలు వానకు కూడా లేవు. వానకు ఎందుకుంటాయి, వస్తే కదా. చాదస్తం ఒకటి, అది మర్యాదగల ఇళ్ళల్లో అనేది. మొబ్బు పట్టింది, తిక్క లేసింది, మతి జారింది, ఇవి వీధిలో అనేవి. "చిన్నపిల్లోడైపోయినాడు" అనేది ముద్దుగా అనేది, నాకు దాని మీదే ఎక్కువ మంట. నాలుగక్షరాలు వచ్చినవాళ్ళు నోరు కూడా తెరవరు, కణత పక్కన వేలు పెట్టి బోరుబావి తవ్వినట్టు తిప్పి ఊరుకుంటారు.

ఇవి కాక మా నాయన పేరు. ఆయన్ని మా బజారు మొదట్లో "సెట్టి" అనేది. మా అన్న అంగట్లో కూర్చోవడం మొదలుపెట్టాక "పెద్దసెట్టి" అయ్యాడు. మోకాళ్ళు వంగాక "పెద్దాయన". చెవి మందగించాక "ముసిలాయన". ఈ మధ్య, ఎప్పుడో ఎవరికీ తెలియకుండా, చివరి అక్షరాలు కోసేసి "ముసిలోడు" చేశారు. సర్కారు ఉద్యోగంలో కూడా మనిషిని ఇంత పద్ధతిగా మెట్టు మెట్టుకూ దింపరు.

మా అంగడి తాళ్ళ అంగడి. మోకులు, పగ్గాలు, పలుపులు, గొర్రెల మెడల్లో కట్టే గంటలు, చేటలు, గంపలు. బావుల్లో నీళ్ళున్న రోజుల్లో బొక్కెన తాళ్ళకు మా గడప అరిగిపోయేదట. ఇప్పుడు బావులే మమ్మల్ని చూసి నవ్వుతున్నాయి. ప్లాస్టిక్ తాళ్ళు, టార్పాలిన్ పట్టలు, దానిమ్మ తోటలకు కప్పే పచ్చ వలలు అమ్మి బతుకుతున్నాం. అయినా మా నాయన కూర్చునే మెత్త అదే, గల్లాపెట్టె అదే, బోణీ పద్ధతి అదే.

ఆ పద్ధతి చెప్పాలి, చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఉదయం అంగడి తెరిచాక వచ్చే మొదటి బేరం బోణీ. బోణీ బేరాన్ని వట్టి చేతులతో పంపకూడదు. "లేదు" అనకూడదు. అప్పు పెట్టకూడదు. వచ్చినవాడు ఎంతకడిగితే అంతకు, గింజుకోకుండా, నవ్వు మొహంతో ఇచ్చేయాలి. ఆ దుడ్లు కళ్ళకద్దుకుని, గల్లాపెట్టెకు తాకించి, ఊదుబత్తి వెలిగించాలి. అది అయ్యేదాకా మా నాయన గుక్కెడు నీళ్ళు కూడా తాగడు. ఇది ఎవరో చెప్పిన మొక్కు కాదు. ఆయన వాళ్ళ నాయన అట్లాగే చేశాడు కాబట్టి ఆయనా చేశాడు. ఒకసారి బోణీ బేరం అలిగి వెళ్ళిపోతే, భుజాన మోకు చుట్ట వేసుకుని అతని వెనకాల కోట గుట్ట సగం ఎక్కాడనీ, అక్కడ ఆయాసపడుతూ అతనడిగిన రేటుకే అమ్మి దిగాడనీ మా అమ్మ చెప్పేది. నేను చెప్పేటప్పుడు గుట్ట మొత్తం ఎక్కిస్తాను. స్కానర్ అట్ట వచ్చాక కూడా ఆయన బోణీకి నోట్లే అడుగుతాడు. పడిన దుడ్లెన్నో ఆడగొంతుతో అరిచే ఆ డబ్బాను కళ్ళకద్దుకోవడం ఎట్లా అని ఆయన ప్రశ్న. మా అన్న మాత్రం అద్దుకుంటాడు.

జరిగిందేమిటంటే, టీ అంగడి దగ్గర ఆ మాట నా చెవిన పడకముందు, పోయిన ఎండాకాలంలో ఒకరోజు మా అంగట్లో పొద్దంతా బోణీయే అయ్యింది. మా అన్న సరుకు కోసం ఊరు వెళ్ళాడు. నేను లోపల ఏదో రాసుకుంటున్నాను. గొర్రెల కాపరి ఒకాయన వచ్చి గంట తీసుకున్నాడు. నాయన దుడ్లు కళ్ళకద్దుకున్నాడు, ఊదుబత్తి వెలిగించాడు. తర్వాత ఒకామె చేట అడిగింది. ఆమె చెప్పిన రేటుకు ఇచ్చి, దుడ్లు కళ్ళకద్దుకుని, ఊదుబత్తి వెలిగించాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి మనిషీ ఆయనకు ఆ పూట మొదటి మనిషే. మధ్యాహ్నానికి అంగట్లో పొగ ఎంత కమ్మిందంటే, కాలిపోతోందనుకుని ఎదురింటివాళ్ళు బిందె నీళ్ళు పట్టుకొచ్చారు. ఈ ఊళ్ళో బిందె నీళ్ళు ఊరకే పొయ్యడానికి తేవడమంటే ఎంత ప్రేముండాలో మీకు తెలియదు. నేను దగ్గుకుంటూ బయటికొచ్చి చూసేసరికి నాయన పొగలో దేవుడిలా కూర్చుని, నవ్వు మొహంతో, దానిమ్మ వల ఒకటి గంప రేటుకు కొలిచి ఇస్తున్నాడు.

అది మతిమరుపని తట్టక ఆ రోజు నేను నవ్వాను, నిజం. నవ్వొచ్చేదే కదా. కానీ బజారు నవ్వి ఊరుకోలేదు, వాడుకుంది. మా అన్న అన్నానికి మేడెక్కే వేళ చూసుకుని వచ్చేవాళ్ళు. పక్కన బట్టల అంగడాయన, చిన్నప్పుడు నాయన ఎత్తుకుని తిప్పిన మనిషి, ఆయనే "బోణీ సెట్టి" అని పేరు పెట్టాడు. పెట్టి, తన అంగట్లో పనిమనుషులను కూడా పంపేవాడు. "పోండప్పా, బోణీ సెట్టి కూర్చున్నాడు" అని ఆయన అనడం నా చెవులతో విన్నాను. వాళ్ళు వచ్చి, అడిగి, తీసుకుని, గడప దిగుతూ మూతి మీద చెయ్యి పెట్టుకునేవాళ్ళు.

మా అన్నకు కోపమొచ్చింది, నాకూ వచ్చింది. మా ఇద్దరి కోపాలూ వేరే వేరే దారులు పట్టాయి. ఆయనది నాయన మీదికి పోయింది. "మతి లేదు ఆయనకు" అనడం మొదలుపెట్టాడు. చాటుగా కాదు. నాయన ముందరే, నాయన తల మీదుగా, మంచం మీద పరిచిన దుప్పటి గురించి మాట్లాడినట్టు. "తిన్నాడా? పోయొచ్చినాడా? రాత్రి గొణుగుతాన్నాడా?" అని వదినను అడిగేవాడు. నాయన మొహం ఒకసారి ఆయన వైపు, ఒకసారి ఆమె వైపు తిరిగేది, ఇంకెవరి గురించో అనుకున్నట్టు.

అనంతపురంలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. మంచివాడే. కానీ కుర్చీలో కూర్చున్న మనిషిని వదిలేసి, గోడకానుకున్న మా ఇద్దరితో మాట్లాడాడు. నాయనను అడిగింది ఒకటే గుర్తుంది నాకు. ఇప్పుడు ఏ కాలం పెద్దాయనా, అన్నాడు. నాయన కిటికీలోంచి బయటికి చూసి, తాపీగా, "వాన రాని కాలం" అన్నాడు. ఏ నెలలో అడిగినా మా జిల్లాలో దానికి అదే సరైన జవాబు. డాక్టరు అది తప్పు కింద వేసుకున్నాడు. చివరికి మా ఇద్దరితో "డిమెన్షియా" అన్నాడు. మా అన్న ఆ మాటను కొత్త బట్ట మడతలా జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకున్నాడు. అరుళ్ళు మరుళ్ళు అంటే సిగ్గు. డిమెన్షియా అంటే పరువు. దాన్ని చూపించి నాయనను మెత్త మీంచి లేపొచ్చు.

లేపాడు. ఒక సోమవారం పొద్దున నాయన స్నానం చేసి, కండువా వేసుకుని మేడ మెట్లు దిగబోతే మా అన్న అడ్డం నిలబడి, "ఇంగ నువ్వు దిగొద్దు నాయనా, పైన రెస్టు తీసుకో" అన్నాడు. నాయన పండగ సెలవేమో అనుకున్నాడు. అడిగాడు కూడా. మా అన్న అవునన్నాడు. మెత్త తీసి అటక మీద వేశాడు.

మా అన్న లెక్కలో పైకెక్కించింది ఒక ముసలాయననే. ఆ ముసలాయనతో పాటు బోణీ కూడా పైకెక్కిందని ఆయనకు తోచలేదు. వదిన పొద్దున రాగిసంకటి తీసుకుపోతే నాయన చెయ్యి కడగలేదు. ఇంకా కాలేదమ్మా, తర్వాత తెమ్మన్నాడు. మధ్యాహ్నం తీసుకుపోతే కూడా కాలేదన్నాడు. ఏం కాలేదని ఆమె అడిగితే, ఈ పిల్లకు ఇన్నేండ్ల కాపురంలో ఇంత తెలియదా అన్నట్టు చూశాడట. బోణీ కాలేదు. మరుసటి రోజూ అంతే. నీళ్ళు కూడా లేవు. ఎండలు ఎట్లా ఉన్నాయంటే మేడ మీద బల్లులు గోడ దిగి పరుపు కింద పడుకుంటున్నాయి, అందులో నీళ్ళు లేకుండా ఆ మనిషి తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. పెదాలు పగిలాయి. డిమెన్షియా, తిండి మీద ధ్యాస ఉండదని డాక్టరు చెప్పాడు కదా అన్నాడు మా అన్న. ఆ మాట ఎంత పనికొస్తుందో చూడండి. పెట్టిన చోట అతుకుతుంది.

మూడో రోజు పొద్దున్నే వదినకొక ఆలోచన వచ్చింది. కొంగు తల మీద కప్పుకుని, మెట్లెక్కి, తలుపు దగ్గర నిలబడి, గొంతు మార్చి, సెట్టీ, బావికి తాడు కావల్ల అని అడిగింది. చేతిలో నోటు. నేను వెనకాల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. నాయన కళ్ళు వెలిగాయి. లేవబోయాడు. గదంతా చూశాడు. మంచం, ట్రంకు పెట్టె, బట్టలారేసిన దండెం. తర్వాత ఆమె కాళ్ళు చూశాడు, మెట్టెలు చూశాడు. వెలుగు పోయింది.

"ఏమ్మా, నాటకమా?" అన్నాడు. "ఇంట్లో మనిషి చేస్తే అది బోణీ ఎట్లయితాది? నాకు తెలివి లేదనుకుంటాండారా మీరు?"

వదిన తప్పయింది మామా అని కిందికి దిగి, వంటింట్లో తలుపేసుకుంది. నాయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నా చేతిలో పళ్ళెం ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ మేడను పునాదితో సహా లేపి బజారు మీద పారేసేవాణ్ణి. అటకెక్కి మెత్త దించాను. నాయనను చెయ్యి పట్టుకుని మెట్లు దించాను. కండువా ఆయనే సర్దుకున్నాడు.

మా అన్న అప్పుడే అంగడి తలుపు చెక్కలు ఒక్కొక్కటే తీస్తున్నాడు. మమ్మల్ని చూసి, తీసిన చెక్క మళ్ళీ పెట్టాడు. ఆయన దిగితే అంగడికి తాళమేస్తానన్నాడు. వేసుకోమన్నాను. మా బజారుకు ఆ పొద్దు వేరే పని లేకపోయింది. పాలవాడు క్యాను మీద కూర్చున్నాడు. బట్టల అంగడాయన గజం బద్ద చేతిలో పట్టుకునే వచ్చాడు, జడ్జి వచ్చినట్టు.

"నీకేం తెలుస్తాది? రాసుకుంటా కూర్చునేటోనివి" అన్నాడు మా అన్న. "అంగడి మునిగిపోతాంది. ముసిలాయనకు మతి లేదు, నీకు బుద్ధి లేదు."

"రెండు దినాలాయె ఆయన నోట్లో నీళ్ళు పడక. అది కనపల్లేదా నీ మతికి?"

"అరుళ్ళు మరుళ్ళు పట్టినోడు చెప్పినట్ల మనం ఆడల్లనా?"

ఇట్లా అరుచుకున్నాం. నేను ఏరుకున్న మాటలన్నీ ఆ నడివీధిలో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చాదస్తమన్నాడు ఒకడు. డిమెన్షియా అంట అన్నాడు పాలవాడు. వయసప్పా వయసు, ఏం చేస్తాం అన్నాడు బట్టల అంగడాయన. మధ్యలో నా చేతిలో ఉన్న చెయ్యి విడిపించుకుని, నాయన అంగడి అరుగు మీద కూర్చున్నాడు.

"రేయ్, ఉండండి" అన్నాడు. గట్టిగా కూడా కాదు. "ఎవురి గురించి ఇది? నా గురించేనా?"

పాలవాడు క్యాను మీంచి లేచాడు.

"నాకేమయ్యింది? చెప్పండి."

మా అన్న నేల చూపులు చూసి, ఏంలేదు నాయనా అన్నాడు. బట్టల అంగడాయన, ఏంలేదు సెట్టీ, ఊరికే అన్నాడు. ఆ సెట్టీ అనే పిలుపు చాలా రోజుల తర్వాత ఆయన నోట్లోంచి వచ్చింది. పాలవాడు క్యాను తీసుకుని కదిలాడు. అంతసేపు అన్ని మాటలు కురిపించిన మనుషుల దగ్గర, ఆ మాటలు ఎవరి గురించో ఆ మనిషికే చెప్పడానికి ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. నాకు ఒళ్ళంతా మండిపోయింది. జిల్లా అంతా తెలుసు. రైళ్ళకు తెలుసు, లారీలకు తెలుసు. ఈయనొక్కడికే ఎవరూ చెప్పలేదు. డాక్టరు కూడా గోడకానుకున్నవాళ్ళకు చెప్పి పంపాడు.

నేను ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను. నవ్వించే మాట కోసం వెతికాను. రాలేదు.

"నాయనా, నువ్వు మర్చిపోతాండావు."

"ఏమి మర్చిపోతాండా?"

"బోణీ అయ్యింది మర్చిపోతాండావు. పొద్దంతా బోణీయే చేస్తాండావు. అందరికీ అడిగిన రేటుకే ఇచ్చేస్తాండావు."

ఆయన వీధి వైపు చూశాడు. చేతి వేళ్ళు, బారలు కొలిచి కొలిచి గట్టిపడిన వేళ్ళు, కండువా అంచును నలిపాయి. కళ్ళల్లో నీళ్ళొచ్చాయా అంటే, రాలేదు. వచ్చాయని రాస్తే బాగుండేది. ఆయన మొహంలో కనిపించింది సిగ్గు. అప్పుడు నాకు భయమేసింది, చెప్పి తప్పు చేశానేమోనని.

"చానానా?" అన్నాడు.

"చానా."

"మళ్ళ ఇన్ని దినాలూ ఎవురూ చెప్పలేదే నాకు" అన్నాడు. మా అన్న వైపు చూసి అన్నాడు. మా అన్న తాళం చెవి అరచేతిలో తిప్పాడు. ఆయన మీద నా కోపం అప్పుడూ తగ్గలేదు, ఇప్పుడూ తగ్గలేదు. కానీ చెక్క తీసింది ఆయనే. ఒకటి తీసి, ఆగి, రెండోది తీశాడు.

నాయన లోపలికి వెళ్ళి, నేను వేసిన మెత్త మీద కూర్చుని, పక్కన నేల చూపించాడు. "నువ్వు ఈడ కూర్చో. నాకు ఒగ బోణీ చాలు. అయినంక నేను మళ్ళీ మొదలుపెడితే ఆపు. నోటితో చెప్పొద్దు, అందరూ చూస్తారు. మోకాలు తట్టు."

ఇది ఆ మతి లేని మనిషి పెట్టిన ఏర్పాటు. మా అన్న, నేను, డాక్టరు, బజారు, అందరం కలిసి ఆలోచించినా మాకు తట్టని ఏర్పాటు. ఇందులో గొప్పేమీ లేదు, ఆయన జీవితం ఆయన అంగట్లో గడిచింది కాబట్టి తెలిసింది. ఆయన్ని అడగొద్దని మాకెవరూ చెప్పలేదు, మేమే అడగలేదు.

కాసేపటికి ఒక రైతు వచ్చి ఎనుముకు పలుపు అడిగాడు. వీధిలో ఇంకా గుంపు కరగలేదు కాబట్టి బెదురుతూ వచ్చాడు. నాయన బార చాపి కొలిచి ఇచ్చాడు. రైతు ఎంతిస్తే అంత తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. వదిన అప్పటికే పళ్ళెంతో లోపలి గుమ్మంలో నిలబడి ఉంది. చెంబెడు నీళ్ళు ఎత్తి గటగటా తాగాడు. గుత్తి చెరువు నిండుగా ఉండి ఉంటే ఆ పొద్దు ఎండిపోయేది. సంకటి అక్కడే, మెత్త మీదే తిన్నాడు. మా అన్న చూడనట్టు మోకు చుట్టలు సర్దుతూ ఉన్నాడు.

ఆ తర్వాత ఇంకో మనిషి వచ్చాడు. నాయన నవ్వు మొహం పెట్టి ఊదుబత్తి కోసం చెయ్యి చాపాడు. నేను మోకాలు తట్టాను. నా వైపు తిరిగి ఒక క్షణం చూశాడు. ఎందుకు తట్టానో గుర్తు లేదు ఆయనకు, స్పష్టంగా తెలిసింది. అయ్యింది నాయనా అని చెవిలో అన్నాను. ఊఁ అని, ముందే తెలిసినవాడిలా తలూపి, చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ మనిషిని మా అన్న దగ్గరికి పొమ్మని సైగ చేశాడు. ఆ పొద్దు ఎన్నిసార్లు తట్టానో, ఆయన మోకాలు అరిగిపోకపోవడం మా అదృష్టం. ప్రతిసారీ అదే చూపు, అదే తలూపు. రోజూ అంతే. కొన్ని రోజులు తట్టినా ఆగడు. నా చెయ్యి తోసేసి, ఎవడ్రా నువ్వు అంటాడు. ఆ రోజు నష్టం నష్టమే. మా అన్న పళ్ళు కొరుకుతాడు. మెత్త మాత్రం అటకెక్కలేదు.

మొన్న మధ్యాహ్నం బట్టల అంగడాయన వచ్చాడు. నాయన మెత్త మీద, నేను పక్కన. ఫ్యాను గాలి వచ్చే చోట సరిగ్గా నిలబడి, నాయన తల మీదుగా నన్ను చూసి, "ఎట్లుండాడప్పా మీ ముసిలాయన? తింటాన్నాడా? గుర్తుపడ్తాన్నాడా?" అన్నాడు.

"ఆయన ఈడ్నే ఉండాడు కదన్నా. ఆయన్నే అడుగు" అన్నాను.

ఆయన నవ్వబోయాడు. నేను నవ్వలేదు. మా అన్న కూడా గల్లాపెట్టె దగ్గర తలెత్తి చూశాడు, నవ్వలేదు. ఇంక దారి లేక బట్టల అంగడాయన నడుము వంచి, నాయన మొహంలోకి మొహం పెట్టి, తడబడుతూ, "సెట్టీ, బాగుండావా?" అన్నాడు.

నాయన ఆయన్ని కింది నుంచి పై దాకా చూశాడు. గుర్తుపట్టాడో లేదో ఆ దేవుడికే తెలియాలి.

"కొనేదుంటే కొను" అన్నాడు. "లేకుంటే పక్కకు జరుగు. గాలి రాలేదు."